నాన్న కోపంలో షుగర్ వాటా ఎంత?

షుగర్ ఉన్నవాళ్లకి అడక్కుండానే దొరికే సలహా ఒకటుంది: "టెన్షన్ పడకండి." డాక్టరు చెబుతాడు, మందుల షాపతను చెబుతాడు, లిఫ్టులో కలిసిన మూడో అంతస్తు ఆయన కూడా చెబుతాడు. మాట అబద్ధం కాదు. టెన్షన్ పడితే షుగర్ పెరుగుతుంది. కానీ ఆ ఒక్క మాటతో తప్పంతా రోగి స్వభావం మీదికి నెట్టేస్తాం. నీ కోపమే నీ జబ్బు, నువ్వు మారితే జబ్బూ మారుతుంది అని తేల్చేస్తాం. ఈ వ్యవహారం రెండో వైపు నుంచి కూడా జరుగుతుందని, షుగర్ జబ్బు మెదడులోకి చొరబడి టెన్షన్‌ని ఆపే ఏర్పాటునే దెబ్బతీయగలదని చెప్పేవాళ్లు తక్కువ. ఏళ్ల తరబడి షుగర్ ఉన్న మనిషి చిరాకునీ, మతిమరుపునీ, నిద్రపట్టకపోవడాన్నీ "వాడి గుణమే అంత" అని వదిలేయకూడదనీ, కాళ్లూ కళ్లూ కిడ్నీలూ చూసినట్టే వాటినీ జబ్బులో భాగంగా చూడాలనీ నా వాదన.

మా నాన్న చెన్నైలో రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్‌లో పనిచేసి రిటైరయ్యారు. పెరంబూరులోనే ఉంటున్నాం. ఆయన కింద పనిచేసినవాళ్లు మార్కెట్లో కనిపిస్తే "సార్‌కి కోపం రావడం మేం చూడనే లేదు" అంటారు. ఇంట్లో మేం చూస్తున్న మనిషి వేరు. పేపరు ఆలస్యమైతే కోపం. సాంబారులో ఉప్పు తగ్గితే కోపం. టీవీ రిమోట్ సోఫా సందులోకి జారితే ఇల్లంతా అదిరేంత కోపం. అన్నయ్య హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి "వయసైపోతోంది కదే, చాదస్తం" అంటాడు. అమ్మ అయితే "అచ్చం మీ తాతగారి పోలిక, ఇన్నాళ్లకి బయటపడింది" అంటుంది. ఆయనకి షుగర్ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఈ లెక్కలో దాన్ని ఎవరూ వేసుకోరు.

పొద్దున్నే గ్లూకోమీటరు ముందు జరిగే పంచాయితీ ఒకటి చెబుతాను. నాన్న డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని చెయ్యి బాగా దులుపుకుని, నొప్పి తక్కువని వేలి కొసన కాకుండా పక్కన గుచ్చుకుంటారు. స్ట్రిప్ రక్తాన్ని పీల్చుకుంటుంది. మీటరు అయిదు నుంచి వెనక్కి లెక్కపెట్టి 178 చూపిస్తుంది. వంటింట్లోంచి అమ్మ గొంతు: "ఎంతొచ్చిందండీ?" చెప్పగానే చేతిలో గరిటతోనే బయటికొస్తుంది.

"రాత్రి ఫ్రిజ్ తలుపు చప్పుడైంది. ఆ మైసూర్‌పాక్ డబ్బా తీశారు కదూ?"

"నీళ్ల సీసా కోసం తీశానే."

"అబద్ధమెందుకండీ, మీటరే చెబుతోందిగా."

మీటరు పెట్టె ఠక్కున టేబుల్ మీద పడుతుంది. టిఫిన్ ముట్టుకోకుండా ఆయన బాల్కనీలోకి వెళ్లిపోతారు. నేను ఫ్రిజ్ తెరిచి చూశాను. డబ్బాకి స్వీటు షాపువాళ్లు కట్టిన దారం కట్టినట్టే ఉంది.

రాత్రంతా ఏమీ తినకపోయినా తెల్లవారేసరికి షుగర్ పెరగొచ్చు. నిద్రలో గ్రోత్ హార్మోన్ విడుదలవుతుంది. తెల్లవారుజాము నుంచి కార్టిసాల్ అనే టెన్షన్ హార్మోన్ పెరగడం మొదలై, లేచిన అరగంటకో ముప్పావుగంటకో బాగా పైకి చేరుతుంది. ఈ రెండూ ఒంట్లో షుగర్ వాడకాన్ని తగ్గించి, కాలేయం నుంచి గ్లూకోజు బయటికి వచ్చేలా చేస్తాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల ప్యాంక్రియాస్ ఇంకాస్త ఇన్సులిన్ వదిలి సర్దేస్తుంది. నాన్నకి ఆ సర్దుబాటు కుదరదు. మైసూర్‌పాక్‌కి సంబంధం లేకుండానే 178 వస్తుంది, దాని మీద దొంగతనం నింద వస్తుంది, నింద మీద కోపం వస్తుంది. ఆ కోపంతో మళ్లీ కార్టిసాల్. ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్లు కాకపోయినా పొద్దున్నే ఇంత రభస.

కార్టిసాల్‌ని విలన్ని చేసి మాట్లాడటం ఇప్పుడు ఫ్యాషనైంది కానీ, అది లేకపోతే మనిషి బతకడు. మనల్ని పొద్దున లేపేదీ, జ్వరం వస్తే, దెబ్బ తగిలితే బీపీ పడిపోకుండా నిలబెట్టేదీ అదే. అది పెరగడంలో తప్పు లేదు. పెరిగింది సమయానికి తగ్గకపోవడమే తప్పు.

ఇది ఎలా తగ్గుతుంది? టెన్షన్ రాగానే మెదడు అడుగునున్న హైపోథలామస్ సీఆర్‌హెచ్ అనే హార్మోన్ వదులుతుంది. దాంతో పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ అనే ఇంకో హార్మోన్ని రక్తంలోకి పంపుతుంది. అది కిడ్నీల పైనున్న అడ్రినల్ గ్రంథుల దగ్గరికెళ్లి కార్టిసాల్ తయారు చేయిస్తుంది. ఆ కార్టిసాల్ ఒళ్లంతా తిరిగి మళ్లీ మెదడుకే వచ్చి, చాలు ఇక ఆపమని చెప్పాలి. మెదడులో ఆ కబురు అందుకునేవే రిసెప్టర్లు.

1968లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ మెక్‌యూయెన్ బృందం అడ్రినల్ గ్రంథులు తీసేసిన ఎలుకలకి రేడియోధార్మిక కార్టికోస్టెరోన్ ఎక్కించి చూసింది. మనకి కార్టిసాల్ ఎలాగో ఎలుకలకి అది అలాగ. హార్మోన్ వెళ్లి పోగుపడింది హిప్పోకాంపస్‌లో. అంటే కొత్త విషయాలు గుర్తుపెట్టుకోవడానికి ఆధారమైన చోట. టెన్షన్ హార్మోన్‌కి జ్ఞాపకశక్తితో ఏం పని అన్న ప్రశ్న అక్కడే మొదలైంది. 1985లో డచ్ శాస్త్రవేత్తలు రూల్ (Reul), డి క్లూట్ ఇంకో ముడి విప్పారు. మెదడులో ఈ హార్మోన్‌కి రిసెప్టర్లు ఒక రకం కాదు, రెండు రకాలు. మినరలోకార్టికాయిడ్ రిసెప్టర్, పొట్టిగా ఎంఆర్. గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్, జీఆర్. ఎంఆర్ హార్మోన్ని దాదాపు పదిరెట్లు గట్టిగా పట్టుకుంటుంది. కాబట్టి మనం ప్రశాంతంగా కూర్చున్నప్పుడు ఉండే కొద్దిపాటి కార్టిసాల్‌కే అది నిండిపోతుంది. జీఆర్ నిండాలంటే కార్టిసాల్ బాగా పెరగాలి. తెల్లవారుజామునైనా కావాలి, గట్టి టెన్షన్ అయినా రావాలి. అప్పుడు జీఆర్ హార్మోన్‌తో కలిసి కణ కేంద్రకంలోకి వెళ్లి కొన్ని జీన్లను పనిలోకి దింపుతుంది, కొన్నింటిని ఆపుతుంది. సీఆర్‌హెచ్ తయారీని తగ్గించేది ఈ దారిలోనే.

మా అపార్ట్‌మెంటులో ఓవర్‌హెడ్ ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగేలా సెన్సర్ పెట్టించారు. బోరునీళ్ల ఉప్పు పేరుకుని కొన్నాళ్లకే అది పనిచేయడం మానేసింది. ట్యాంకు పొంగి మెట్లమీదుగా నీళ్లు కారాయి. అసోసియేషన్ మీటింగులో అక్షింతలు పడింది మాత్రం వాచ్‌మన్‌కి. మెదడులో అలాంటి సెన్సరే అయిన జీఆర్ సంగతి నా బుర్రకెక్కింది ఆ మీటింగులోనే.

ఇక షుగర్ దగ్గరికొద్దాం. స్ట్రెప్టోజోటోసిన్ అనే మందు ప్యాంక్రియాస్‌లో ఇన్సులిన్ చేసే కణాలను చంపుతుంది. అది ఎక్కించిన ఎలుకకి కొద్దిరోజుల్లో షుగర్ వచ్చేస్తుంది. అలాంటి ఎలుకని ఎవరూ బెదిరించకపోయినా దాని రక్తంలో టెన్షన్ హార్మోన్ ఎక్కువగానే ఉంటుంది. టొరంటోలో ఒక బృందం 2001, 2002లలో ప్రకటించిన ఫలితాలు నాకు మరీ ఆసక్తిగా అనిపించాయి. షుగర్ ఎలుకల్లో ఈ వ్యవస్థ ఊరికే ఉన్నప్పుడు మామూలు కంటే జోరుగా నడుస్తోంది, నిజంగా కష్టం వచ్చినప్పుడు మాత్రం సరిగ్గా స్పందించడం లేదు. అక్కర్లేనప్పుడు ఎక్కువ, కావలసినప్పుడు తక్కువ. ఇన్సులిన్ ఇచ్చి షుగర్ని దారికి తెస్తే హార్మోన్లు కూడా చాలావరకు దారికొచ్చాయి. రిమోట్ కోసం ఇల్లు అదరగొట్టే మా నాన్న, మా బామ్మ పోయిన రోజున మాత్రం రాయిలా కూర్చున్నారు. ఎలుకల ఫలితాన్ని తెచ్చి ఆయనకి అతికించడం సైన్సు కాదని నాకూ తెలుసు. కానీ చదవగానే గుర్తొచ్చింది ఆ రోజే.

రిసెప్టర్లు తగ్గుతాయా పెరుగుతాయా అంటే ఒక్క ముక్కలో జవాబు లేదు. మెదడులో ఏ భాగం చూశారు, షుగర్ వచ్చి ఎన్నాళ్లయింది, ఏ రకం ఎలుక అన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది. కొందరికి హిప్పోకాంపస్‌లో జీఆర్ తగ్గినట్టు కనిపించింది, కొందరికి ఎంఆర్ పెరిగినట్టు. కాబట్టి "షుగర్ వస్తే రిసెప్టర్లు చచ్చిపోతాయి" అని వాట్సాప్‌లో తిరిగే మాటని నమ్మకండి. ఎన్ని రిసెప్టర్లు ఉన్నాయన్నదాని కన్నా వాటి మీద హార్మోన్ ఎంతసేపు కూర్చుంటోందన్నదే అసలు గొడవ అని సూచించే ప్రయోగాలు రెండున్నాయి.

మొదటిది 2008లో అమెరికా నుంచి వచ్చింది. షుగర్ తెప్పించిన ఎలుకల్నీ, ఆకలిని తగ్గించే లెప్టిన్ హార్మోన్‌కి రిసెప్టర్ లోపంతో పుట్టి ఒళ్లు చేసి టైప్ 2 లాంటి షుగర్ తెచ్చుకునే చిట్టెలుకల్నీ, రెండింటినీ తీసుకున్నారు. రెండింట్లోనూ నేర్చుకునే శక్తి తగ్గింది, హిప్పోకాంపస్‌లో కొత్త న్యూరాన్లు పుట్టడం తగ్గింది. తర్వాత అడ్రినల్ గ్రంథులు తీసేసి, హార్మోన్ని మామూలు మోతాదులో మాత్రమే అందేలా చేశారు. ఆ నష్టం జరగకుండా ఆగింది. హార్మోన్ మళ్లీ పెంచితే నష్టం మళ్లీ వచ్చింది. రెండోది 2009లో డి క్లూట్ బృందం నుంచే. షుగర్ ఉన్న చిట్టెలుకలకి జీఆర్‌ని మూసేసే మిఫెప్రిస్టోన్ అనే మందు 4 రోజులు ఇచ్చారు. జ్ఞాపకశక్తి మెరుగుపడింది, హిప్పోకాంపస్‌లో కనిపించిన పాడు చాలావరకు సర్దుకుంది. మిఫెప్రిస్టోన్ పేరు మనవాళ్లకి వేరే సందర్భంలో తెలుసు, గర్భస్రావం మాత్రల కిట్‌లో ఉండేది ఇదే. దాన్ని షుగర్‌కని ఎవరూ సొంతంగా మింగే పని పెట్టుకోవద్దు. నేను చెప్పొచ్చేది ఒక్కటే. మెదడుకి జరిగిన నష్టంలో కొంత గ్లూకోజు చేసింది కాదు, ఎడతెగకుండా జీఆర్ మీద కూర్చున్న టెన్షన్ హార్మోన్ చేసింది.

ఎలుకల సంగతి సరే, మనుషుల మాటేమిటి అంటారు. అడగాల్సిన ప్రశ్నే. బతికున్న మనిషి మెదడులో రిసెప్టర్లను లెక్కపెట్టడం అంత సులువు కాదు, కాబట్టి పక్కదారిలో చూస్తారు. రాత్రి పడుకోబోయేముందు 1 మిల్లీగ్రాము డెక్సామెథసోన్ మాత్ర ఇచ్చి పొద్దున్నే కార్టిసాల్ చూస్తారు. డెక్సామెథసోన్ జీఆర్‌ని పట్టుకుంటుంది కనుక, ఆపే ఏర్పాటు బాగుంటే కార్టిసాల్ పడిపోవాలి. ఇలాంటి పరీక్షల్లో టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లలో, ముఖ్యంగా కళ్లూ నరాలూ కిడ్నీలూ దెబ్బతిన్నవాళ్లలో, సగటున కార్టిసాల్ అంతగా తగ్గలేదని చాలా అధ్యయనాలు చెప్పాయి. 2014లో లండన్‌లో టైప్ 2 షుగర్ ఉన్న 140 మందినీ లేని 280 మందినీ ల్యాబులో కూర్చోబెట్టి టెన్షన్ పెట్టే పనులు చేయించారు. షుగర్ ఉన్నవాళ్ల ఒంట్లో స్పందన మందంగా ఉంది. పని అయిపోయాక బీపీ, గుండె వేగం మామూలు స్థితికి రావడానికి ఎక్కువసేపు పట్టింది. రోజు మొత్తమ్మీద కార్టిసాల్ ఎక్కువగా ఉంది. దిగులు, ఎదుటివాళ్ల మీద చిరచిర కూడా వాళ్లలోనే ఎక్కువ కనిపించాయి. టొరంటో ఎలుకలకీ వీళ్లకీ ఇంత పోలిక కనిపించాక "అంతా వయసు" అని కొట్టిపారేయడం నా వల్ల కాలేదు.

ఇందులో ఏది ముందు, ఏది వెనక అన్నది ఒక్క అధ్యయనంతో తేలదు. లండన్‌లోనే ప్రభుత్వోద్యోగుల మీద ఏళ్ల తరబడి సాగుతున్న అధ్యయనంలో, రాత్రికి తగ్గాల్సిన కార్టిసాల్ సరిగ్గా తగ్గనివాళ్లకి తర్వాతి ఏళ్లలో షుగర్ వచ్చే అవకాశం ఎక్కువని తేలింది. అంటే టెన్షన్ నుంచి షుగర్, షుగర్ నుంచి టెన్షన్ రెండూ నిజమే. మనం మాత్రం ఒకదాన్నే పట్టుకుని వేలాడుతున్నాం, ఎందుకంటే అందులో తిట్టడానికి మనిషి దొరుకుతాడు.

2021 మే నెల గుర్తుందా? నెల్లూరులో మా మావయ్యకి కోవిడ్ వచ్చి ఆక్సిజన్ పెట్టి డెక్సామెథసోన్ ఇచ్చారు. ఆ మందే అప్పట్లో ఎన్నో ప్రాణాలు నిలిపింది. 2020లో బ్రిటన్‌లో జరిగిన ట్రయల్లో వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మరణాలు మూడో వంతు తగ్గాయి. మావయ్యా బతికి బయటపడ్డారు. కానీ ఆ రోజుల్లో ఆయన షుగర్ నాలుగొందలు దాటింది, రాత్రిళ్లు కునుకు లేదు, నర్సులు తనకి ఏదో కలిపి ఇస్తున్నారని అనుమానం, ఫోన్ చేస్తే అత్తయ్య మీద అరుపులు. ఇంట్లో ఎవరైనా "ఆయన గుణం అంత" అన్నారా? లేదు. "స్టెరాయిడ్ ఎక్కుతోంది, అందుకే" అన్నారు. మందు ఆపగానే సర్దుకుంటారులే అని ఓపిక పట్టారు. డి క్లూట్ లాంటివాళ్లు దీనికి ఒక వివరణ ఇస్తారు. డెక్సామెథసోన్ పిట్యూటరీ దగ్గరే పనికానిచ్చి సొంత కార్టిసాల్‌ని ఎండగడుతుంది, తాను మాత్రం మెదడులోకి బాగా వెళ్లదు, ఎంఆర్‌ని పెద్దగా పట్టుకోదు. దాంతో ఎంఆర్‌లు ఖాళీ పడి మనసు అదుపు తప్పుతుందని. వివరణ ఏదైనా, బయట్నుంచి ఎక్కించిన స్టెరాయిడ్‌కి అందరూ ఇచ్చిన మినహాయింపు ఒంట్లో తయారయ్యే స్టెరాయిడ్‌కి ఎందుకివ్వరన్నది నా ప్రశ్న.

ఇక్కడ అతిమధురం కథ ఒకటి చెప్పకుండా ఉండలేను. మద్రాసులో ఏ నాటుమందుల కొట్టుకెళ్లినా పసుప్పచ్చటి పుల్లలు కట్టలుగా వేలాడుతుంటాయి. గొంతు బాగాలేకపోతే నమలమంటారు. మెదడు కణాల్లో ఒక ఎంజైము ఉంది. పనిచేయని కార్టిసోన్‌ని పనిచేసే కార్టిసాల్‌గా అక్కడికక్కడే మార్చేస్తుంది. రక్తంలో కార్టిసాల్ మామూలుగా ఉన్నా హిప్పోకాంపస్ లోపల ఎక్కువవడానికి ఇది ఒక కారణం కావచ్చు. అతిమధురంలోని పదార్థం నుంచి తయారైన కార్బెనాక్సలోన్ అనే పాత అల్సర్ మందు ఆ ఎంజైమును ఆపుతుంది. 2004లో ఎడిన్‌బరో పరిశోధకులు దాన్ని టైప్ 2 షుగర్ ఉన్న 12 మందికి 6 వారాలు ఇస్తే మాటలు గుర్తుపెట్టుకునే శక్తి మెరుగైంది. ఈ మాట వినగానే అమ్మ "అయితే రేపే పావుకిలో తెప్పిస్తా" అంది. వద్దన్నాను. అతిమధురం కిడ్నీలోని ఇంకో ఎంజైమును కూడా ఆపేస్తుంది. బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. ఎడిన్‌బరోలో అందుకే పొటాషియాన్ని కాపాడే మరో మందు కలిపి ఇచ్చారు. పైగా 12 మంది అంటే మా మెట్ల మీద నిలబడితే సరిపోయేంత మంది. ఆ ఎంజైమును ఆపే కొత్త మందులను తర్వాత అల్జీమర్స్ రోగుల మీద ప్రయత్నిస్తే జ్ఞాపకశక్తిలో ఫలితం రాలేదు. చక్కటి ఆలోచన అయినంత మాత్రాన మాత్రగా మారదు.

ఇన్‌స్టాగ్రామ్‌లో కార్టిసాల్ పేరు చెప్పి పొడులు అమ్మేవాళ్ల సంగతి వేరే చెప్పాలా? మొహం ఉబ్బితే కార్టిసాలే, పొట్ట వస్తే కార్టిసాలే. కార్టిసాల్ రోజంతా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఏ మధ్యాహ్నమో ఒకసారి రక్తం ఇచ్చి తెచ్చుకున్న అంకె నుంచి పెద్దగా తెలిసేదేమీ ఉండదు. అలాగని ఆ పరీక్షే దండగ అనను. ఎన్ని మందులు వాడినా షుగర్ లొంగని 1,057 మందికి అమెరికాలో డెక్సామెథసోన్ పరీక్ష చేస్తే 23.8 శాతం మందిలో కార్టిసాల్ తగ్గాల్సినంత తగ్గలేదు. అధ్యయనానికి డబ్బు పెట్టింది ఆ సమస్యకి మందు అమ్మే కంపెనీయే అన్నది గుర్తుపెట్టుకుని చదవాలి. అయినా మూడు నాలుగు రకాల మందులు వేసుకుంటున్నా ఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) దిగనివాళ్లు డాక్టర్ని ఈ ప్రశ్న అడగడంలో నామోషీ లేదు.

కోపానికి ఇంకో కారణం మరీ తేలికగా దొరుకుతుంది, దాన్నే ఎక్కువమంది వదిలేస్తారు. షుగర్ పడిపోవడం. పొద్దున మాత్ర వేసుకుని టిఫిన్ మీద అలిగిన మనిషికి పదకొండు గంటలకి చేతులు వణికి, చెమట పట్టి, ఎదురొచ్చినవాళ్ల మీద అరుపులు మొదలైతే అది అడ్రినలిన్, కార్టిసాల్ కలిసి షుగర్ని పైకి లాగే ప్రయత్నం. ఇలా తరచూ పడిపోతుంటే ఒళ్లు ఆ హెచ్చరికలివ్వడం కూడా తగ్గిస్తుంది, అది ఇంకా ప్రమాదం. మా ఇంట్లో ఇప్పుడొక పద్ధతి పెట్టుకున్నాం. ఆ వేళప్పుడు నాన్న అరిస్తే ముందు మీటరు, తర్వాత మాట. 65 కనిపించిన రోజున అమ్మ గ్లూకోజు కలిపి ఇచ్చింది, పోట్లాట దానంతటదే చల్లారింది. మీటరులో 140 ఉన్న రోజున మాత్రం పోట్లాట మామూలుగానే జరిగింది.

నా వాదనకి గట్టి ఎదురుదెబ్బ మా అన్నయ్య దగ్గర్నుంచే వచ్చింది. "ఇలా రిసెప్టర్లంటూ సర్టిఫికెట్ ఇస్తే ఇక ఆయన్ని పట్టగలమా? తాగి వచ్చినవాడు కూడా నాది కాదు లివర్ తప్పంటాడు." అన్నంత పనీ అయింది. నేను ఇదంతా చెప్పిన వారానికే నాన్న అమ్మ మీద కసిరి, వెంటనే "నేను కాదే, నా రిసెప్టర్లు" అన్నారు. అమ్మ ఊరుకుంటుందా? "ఆ రిసెప్టర్లకే చెప్పండి, మధ్యాహ్నం వంట అవే చేసుకోమని."

అన్నయ్య మాటలో నిజం ఉంది. కారణం తెలిసినంత మాత్రాన అమ్మ పడే మాట తేలికవదు. నలభై ఏళ్ల కాపురంలో ఆమె కూడా టెన్షన్ మోస్తోంది, ఆమె మెదడులోనూ ఇవే రిసెప్టర్లున్నాయి. అయితే గుణం అని తేల్చేస్తే చేయడానికి ఇంకేమీ మిగలదు, భరించడమో తిట్టడమో తప్ప. జబ్బులో భాగం అనుకుంటే చేయగలిగింది చాలా ఉంది. ఇన్సులిన్‌తో ఎలుకల హార్మోన్లు దారికొచ్చాయని చెప్పాను కదా. షుగర్ని అదుపులో పెట్టడం అంటే కిడ్నీల కోసమే కాదు, ఇంట్లో శాంతి కోసం కూడా అని చెబితే నాన్న సాయంత్రం నడకకి తొందరగా లేచారు. కిడ్నీల పేరు చెప్పి భయపెట్టినప్పుడు ఎప్పుడూ లేవలేదు. నాకూ ఈ మధ్య ఏ1సీ 6.1 వచ్చింది. పిల్లల మీద నేను విసుక్కునే తీరు చూసి మా ఆయన "మీ నాన్న పోలిక" అనబోయి ఆగిపోయారు.

మరి క్లినిక్కుల్లో ఏం జరుగుతోంది? ఈ ఊరు షుగర్ వైద్యానికి దేశంలోనే పేరున్న ఊరు. దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని 2023లో లెక్క తేల్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వేకి సారథ్యం వహించింది ఇక్కడి మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషనే. మేం వెళ్లే చోట పరీక్షలకి లోటు లేదు. పరగడుపున రక్తం ఇచ్చి, తెచ్చుకున్న ఇడ్లీలు అక్కడే తిని, మోచేతిలో దూది ఒత్తిపట్టుకుని రెండు గంటలు కూర్చోవాలి. ఆ రెండు గంటల్లో ఒక సిస్టర్ కాళ్లకి సన్నటి తీగ ఆనించి "తెలుస్తోందా తాతా?" అని అడుగుతుంది. ఇంకొకరు కంట్లో చుక్కలు వేస్తారు. ఫైల్లో కళ్లకి ఒక పేజీ, కాళ్లకి ఒక పేజీ, కిడ్నీలకి ఒక పేజీ. రాత్రి నిద్ర పడుతోందా, దిగులుగా ఉంటోందా, ఈ మధ్య పేర్లు మర్చిపోతున్నారా అని అడిగే పేజీ లేదు. చివర్లో డాక్టరు గదిలో నాన్న కోపం సంగతి అమ్మ ఎత్తితే, ఆయన రిపోర్టులోంచి తలెత్తకుండానే "టెన్షన్ పడకూడదు సార్" అన్నారు. అయిపోయింది.

ఇంతకు మించి చేయడం మన దేశంలో కుదరదనే మాట చెల్లదు. చెన్నై, బెంగళూరు, ఢిల్లీ, మన విశాఖపట్నం క్లినిక్కుల్లో చేసిన ట్రయల్ ఒకటి 2020లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. షుగర్ అదుపులో లేక, దిగులు లక్షణాలు కూడా ఉన్న 404 మందిని తీసుకున్నారు. సగం మందికి మామూలు వైద్యం. మిగతావాళ్లకి డాక్టర్లు కాని కేర్ కోఆర్డినేటర్లు తరచూ ఫోన్ చేసి, పలకరించి, మనసు ఎలా ఉందో, మందులు ఎలా వేసుకుంటున్నారో కనుక్కున్నారు. వాళ్ల వివరాలను స్పెషలిస్టులు ఎప్పటికప్పుడు చూసి మందులు మార్చమని సూచించారు. రెండేళ్లకి దిగులు సగానికి సగం తగ్గి, దాంతోపాటు ఏ1సీ, బీపీ, చెడు కొలెస్ట్రాల్‌లో కనీసం ఒకటి మెరుగైనవాళ్లు ఈ గుంపులో 71.6 శాతం, మామూలు వైద్యం గుంపులో 57.4 శాతం. ఇందులో ఎవరూ రిసెప్టర్లను కొలవలేదు. కొలవాల్సిన అవసరమూ రాలేదు. మనసునీ షుగర్నీ ఒకే ఫైల్లో పెట్టి చూశారంతే.

వచ్చే నెల నాన్న చెకప్ ఉంది. ఈసారి డాక్టరు గదిలోకి వెళ్లేదాకా ఆగను. కాళ్లకి తీగ ఆనించే ఆ సిస్టర్‌నే పట్టుకుని నిద్ర, కోపం, మతిమరుపు మూడూ ఫైల్లో రాయించాలని చూస్తున్నాను. ఎలాగూ రెండు గంటలు అక్కడ కూర్చునే ఉంటాం.